ఇంటి దిగులు ఎవరికి చెప్పవలెను?

సంసారము గుట్టు, రోగము రట్టు అని తెలుగునాట ఒక సామెత కలదు. ఇంటి సంగతి నలుగురిలో పెట్టరాదనియు, ఒంటి జబ్బును దాచిపెట్టరాదనియు దాని భావము. జబ్బు చెప్పుకొన్నచో ఎవరో ఒకరు మందు చెప్పుదురు. సంసారము చెప్పుకొన్నచో విన్నవారు నవ్వుదురు. పెద్దల అనుభవమునుండి పుట్టిన మాట గనుక దీనిని తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. అయితే ఇంటి దిగులే రోగమై మనిషిని లోలోపల తినివేయుచున్నపుడు ఈ సామెతలో ఏ సగమును పాటింపవలెను? గుట్టుగా నుండవలెనా, రట్టు చేయవలెనా? ఈ ప్రశ్న నేడు ప్రతి గడపకును వచ్చుచున్నది.

పల్నాటి సీమలో ఏ పల్లెనైనను తీసికొనవచ్చును. మాచర్ల వైపుననో గురజాల వైపుననో ఒక గృహస్థుని ఇంట పూజయు భోజనములును ముగిసిన పిమ్మట ఇల్లాలు గడప ప్రక్కన కూర్చుండి చేతిలోని ఫోను తెరచునని అనుకొందురు గాక. ఆమెకు అందులో నలుగురు స్నేహితురాండ్రు కలరు. ఒకతె హైదరాబాదులోను, ఒకతె బళ్లారిలోను, ఇంకొకతె విజయవాడలోను, మరియొకతె అమెరికాలోను ఉన్నారు. వారిలో ఇద్దరిని ఆమె కన్నులార చూచి యెరుగదు. అయినను మిరప కోతకు కూలీలు దొరకలేదనియు, పెద్దమ్మాయి హాస్టలు రుసుమునకు గడువు దగ్గరపడినదనియు, అత్తగారి మోకాళ్ల నొప్పి ఎక్కువైనదనియు వారికే చెప్పుకొనును. రేకుల ఇంటిపై స్లాబు వేయించుకోవలెనని, కుట్టుమిషను కొనుక్కోవలెనని, ఒక్కసారి కూడలసంగమము చూచి రావలెనని తన చిన్న చిన్న కలలను గూడ వారికే చెప్పుకొనును. అదే వేళ ఆమె భర్త బయట అరుగుమీద కూర్చుండి తన ఫోనులో తన మిత్రులకు అప్పు సంగతి వ్రాయుచుండును. ఒకే కప్పు క్రింద ఇరువురును ఒకే దిగులును ఎక్కడెక్కడివారికో చెప్పుకొందురు; ఒకరికొకరు మాత్రము చెప్పుకొనరు.

ఇది చూచి పెద్దవారు ఫోనును నిందింతురు. నింద కొంతవరకు న్యాయమే. కాని ఫోను లేని కాలమున ఆ ఇల్లాలు ఆ మాటలను ఎవరికి చెప్పుకొనెడిది? బావిగట్టున చెప్పుకొనెడిది; పత్తి తీయుచు ప్రక్క సాలులోని ఆమెకు చెప్పుకొనెడిది; పుట్టింటికి పోయినపుడు తల్లి ఒడిలో తలపెట్టి చెప్పుకొనెడిది. చెప్పుకొనవలెనను ఆకలి క్రొత్తది కాదు. బావిగట్లు పోయినవి, పుట్టిండ్లు దూరమైనవి, ఆకలి మాత్రము మిగిలినది. కనుక విచారింపవలసినది ఫోనును గూర్చి కాదు. ఇంటిలోని మాట ఇంటిలోనే ఎందుకు పలుకబడుట లేదు అనునది మొదటి విచారణ.

దీనికి కారణము సూక్ష్మమైనది. ఇల్లాలు తన కలను భర్తకు చెప్పినచో అది కోరికవలె వినబడును. కోరిక వెంటనే లెక్కగా మారును. స్లాబు అన్న మాట నోట వెలువడగానే సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి అతని కన్నుల ముందు నిలుచును. ఆమె కోరినది వెంటనే కట్టుమని కాదు; ఆ కలను కాసేపు తనతో కూడ చూడుమని మాత్రమే. అట్లే భర్త తన దిగులును భార్యకు చెప్పినచో అది నిందవలె వినబడును. అప్పు పెరిగినదని అతడు అన్నపుడు, ఖర్చు నీవే పెంచితివని అన్నట్లు ఆమెకు తోచును. దూరపు మిత్రునికి ఆ ఇంటి లెక్కలతో పొత్తు లేదు. అందుచేత అతడు కలను కలగా వినును, దిగులును దిగులుగా వినును. దగ్గరివారు వినలేనిది దూరపువాడు వినగలుగుటకు ఇదియే రహస్యము. అతనికి ప్రేమ ఎక్కువయై కాదు, భారము తక్కువయై.

పల్నాటివారికి దీనిపై మరియొక అడ్డంకి కలదు. ఈ సీమకు పౌరుషము పుట్టుసొత్తు. 12వ శతాబ్దమున కారంపూడి కదనరంగమున పోరాడిన వీరులను నేటికిని కార్తికమాసమున ఆ ఊరి వీరులగుడి యొద్ద కొలిచెడి నేల ఇది. ఆ పౌరుషము అన్యాయము నెదుర్కొనుటకు ఆయుధమైనది. అదే పౌరుషము అప్పును, నష్టమును, భయమును దాచుకొనుటకు తలుపు గడియగా మారినపుడు ప్రాణాంతకమగుచున్నది. పైరు బాగున్నదా అని అడిగినవానికి బాగున్నదని చెప్పి, రాత్రి నిద్రలేక దొర్లు రైతు ఈ సీమకు క్రొత్తవాడు కాడు. 2021-22 పంటకాలమున నల్ల తామర పురుగు మిరప తోటలపై పడి పూతను, పిందెను నాశనము చేసినది. 2025 ఆరంభమున తెగులు కాక ధర దెబ్బ తీసినది. గుంటూరు యార్డులో మిరప ధర పడిపోగా, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటింపవలసి వచ్చినది. కౌలు డబ్బు ముందే చెల్లించి, పురుగుమందుల దుకాణములో ఖాతా పెట్టి, నగలు తాకట్టు పెట్టి సేద్యము చేసినవాని ఇంటిలో అట్టి యేడు మాటలు తగ్గిపోవును. మాటలు తగ్గిన ఇంటిలో మనిషికి తన బ్రతుకే బరువుగా తోచును. భర్త పోయిన తరువాత గాని అప్పు ఎంతయో భార్యకు తెలియని గృహములు ఉండుట ఎంతటి విషాదము! అట్టి చోట గుట్టు అనునది గౌరవము కాదు, వ్యాధియే. వ్యాధిని రట్టు చేయుమనియే సామెత చెప్పుచున్నది.

భక్తునకు కష్టము చెప్పుకొనుటకు శివుడు లేడా, అరచేతిలో ఇష్టలింగ ముండగా మనుష్యులతో పనియేమి అని కొందరు ప్రశ్నింపవచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో గొడగూచి కథ కలదు. శివునకు పాలు త్రాగింపుమని తల్లిదండ్రులు పంపిన ఆ ముగ్ధబాలిక, స్వామి త్రాగకుండుట చూచి, ఇంటికి పోయిన కోపింతురని భయపడి ఆయన యెదుటనే ఏడ్చెను. పసిపిల్ల చెప్పుకొన్నది వేదాంతము కాదు. ఇంటిలో తిట్లు పడునను చిన్న దిగులు మాత్రమే. దానికే స్వామి కరగెను. శివునకు చెప్పుకొనుటకు చిన్న దిగులు పెద్ద దిగులు అను తారతమ్యము లేదని ఈ కథ తెలుపుచున్నది. అయితే వీరశైవము లింగముతోనే ఆగిపోలేదు. గురువును, లింగమును, జంగమమును మూటిని కలిపి చెప్పినది. స్థావరమైన గుడికన్న నడచివచ్చు జంగమమునకు బసవేశ్వరుడు అంతటి స్థాన మిచ్చుటలో ఒక అంతరార్థము కలదని తలపవచ్చును. లింగము వినును, జంగముడు విని బదులు పలుకును. మనిషికి బదులు పలికెడి చెవి కావలెను. కల్యాణ పట్టణమున వెలసిన అనుభవమంటపమున చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, వీధి ఊడ్చు సత్యక్క తమ తమ కాయకముల నుండి పుట్టిన అనుభవమును పలికిరి. వారి వచనములలో బట్టలు, పడవలు, చీపుళ్లు కలవు. దినదిన జీవితము పంచుకొనదగినది కాదని వారెన్నడును తలపలేదు.

మరి కన్నులతో చూడని మిత్రునికి హృదయము విప్పవచ్చునా? దీనికి తెలుగు శైవులయందే గొప్ప నిదర్శనము కలదు. మల్లికార్జున పండితారాధ్యుడును బసవేశ్వరుడును సమకాలికులు. ఒకరి మహిమ ఒకరికి తెలియును. ఒకరిపై ఒకరికి ప్రేమ మెండు. ఆచారమునందు ఇరువురకును భేదముండెను. ఆ భేదము ప్రేమకు అడ్డు రాలేదు. అయినను వారు ఒకరినొకరు చూడలేదు. పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింపవలెనని కల్యాణమునకు బయలుదేరగా, బసవన్న లింగైక్యము చెందిన వార్త దారిలోనే ఆయనకు చేరెననియు, ఆయన మిక్కిలి శోకించెననియు సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వర్ణించెను. ముఖము చూడని స్నేహము నిజమైన స్నేహము కాదనువారు ఆ శోకమును తలచుకొనవలెను. చూడనివాని కొరకు అంతగా విలపించినవాని స్నేహము అసత్యమెట్లగును? దూరము స్నేహమునకు దోషము కాదు.

దోషము వేరొకచోట నున్నది. దిగులు చెప్పువాడు తన దిగులునే చెప్పుచున్నాడా, లేక ఇతరుల కథను చెప్పుచున్నాడా అనునది అసలు ప్రశ్న. ఇంటిలో ఒకరి దిగులు మరియొకరి కథతో పెనవేసుకొని యుండును. కూతురు పరీక్ష తప్పినదని తల్లికి దిగులు. దిగులు తల్లిది; పరీక్ష తప్పిన సంగతి కూతురిది. భర్త త్రాగుడుకు అలవాటుపడినాడని భార్యకు భయము. భయము ఆమెది, పేరు అతనిది. కోడలికి సంతానము కలుగలేదని అత్తగారికి చింత. చింత అత్తగారిది, దేహము కోడలిది. తన దిగులును ఎవరికైనను చెప్పుకొనుటకు మనిషికి హక్కు కలదు. ఇతరుల కథను వారి అనుమతి లేక దారిన పెట్టుటకు ఎవరికిని హక్కు లేదు, అది సొంత బిడ్డ కథయైనను సరే. బావిగట్టున పలికిన మాట గాలిలో కలిసిపోయెడిది. ఫోనులో వ్రాసిన మాటయు, పెట్టిన ఫొటోయు నిలిచియుండును, చేతులు మారును. పదేండ్ల తరువాత ఆ కూతురు తన చిన్ననాటి ఓటమిని ఎవరి ఫోనులోనో చదువుకొనవలసి రావచ్చును.

ఈ వివేకము శరణుల చరిత్రలో స్పష్టముగా కానవచ్చును. 15వ శతాబ్దమునుండి కన్నడమున రూపుదిద్దుకొనిన శూన్యసంపాదనయందు, అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు ఆమె సంసారమును గూర్చి నిండుసభలో అల్లమప్రభువు ప్రశ్నించెను. ఆమెకు బదులుగా ఇంకెవ్వరును సమాధానము చెప్పలేదు. తన కథను తానే తలయెత్తి చెప్పుకొన్నది. చెన్నమల్లికార్జునుడే తన పతియని పలికినది. పిమ్మట నల్లమల నడుమ శ్రీశైల కదళీవనమునకు చేరుకొన్నది. కథ ఎవరిదో వారి నోటనే రావలెనను ధర్మమునకు అంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రము మరియొక పాఠము నేర్పును. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ ఇరుగుపొరుగులకు భర్త ఆశను గూర్చి చెప్పుకొనలేదు. అంత బియ్యము మనకు వలదు, తిరిగి అక్కడనే పోసి రమ్మని అతనికే సూటిగా చెప్పినది. భర్తతో చెప్పవలసిన మాటను భర్తతోనే చెప్పినది. ఆ దంపతుల సంభాషణ వచనములలో నిలిచి నేటికిని గృహస్థులకు దీపమైనది.

ఇక వినువాని ధర్మము. చెప్పువానికన్న వినువాని బాధ్యతయే గురుతరము. పల్నాటి భక్తులకు ఈ ధర్మమును కోటప్పకొండ స్థలపురాణమే బోధించుచున్నది. గొల్లభామ ఆనందవల్లి నిత్యము కొండనెక్కి జంగమదేవరను సేవించుచుండెను. ఆమె గర్భవతియై కొండ నెక్కలేని స్థితి వచ్చినది. స్వామీ, ఇక నెక్కలేను, నీవే మా యింటికి రమ్ము అని వేడుకొన్నది. అది ఎంత చిన్న కష్టము! తపస్సు చేయుటకు శక్తి లేదనలేదు, కాళ్లు నొచ్చుచున్నవన్నది. జంగమదేవర విని ఊరకుండలేదు. ఓర్చుకొనుమని బోధయు చేయలేదు. నీ వెంట వచ్చెదను, వెనుదిరిగి చూడక నడువుమని చెప్పి ఆమె ఇంటి దారి పట్టెను. ఆమె నడుమ వెనుదిరిగి చూడగా స్వామి అచ్చటి గుహలో లింగరూపుడై నిలిచిపోయెనని భక్తుల విశ్వాసము. శివరాత్రికి ప్రభలు కట్టుకొని వచ్చు వేలకొలది జనము ఈ కథ నెరుగుదురు. అందరును వెనుదిరిగి చూచుటయను పొరపాటునే చెప్పుకొందురు. అంతకు ముందరి మాటయే ముఖ్యమైనది: కష్టము విన్నవాడు ఆ కష్టమున్న ఇంటివైపు నడచెను.

మంచి మిత్రుని లక్షణ మిదియే. విన్న దిగులును తన వద్దనే ఉంచుకొని, చెప్పినవానిని అతని ఇంటివైపు నడిపింపవలెను. ఈ మాట నీ భర్తతో చెప్పితివా, నీ కలను నీ కుమారుడు ఎరుగునా, అప్పు సంగతి నీ తమ్మునికి తెలుపరాదా అని అడుగువాడు మిత్రుడు. మీ వారందరు అంతే, నాతోనే చెప్పుము అని ఇంటినుండి మనసును విడదీయువాడు, ఎంత తీయగా మాటలాడినను మిత్రుడు కాడు. దూరపు మిత్రుని యెదుట మాట పలుకుట అభ్యాసము వంటిది. అక్కడ దొరికిన మాటను ఇంటికి తెచ్చుకొనవలెను. స్లాబు కలను నలుగురు స్నేహితురాండ్రకు చెప్పుకొన్న ఇల్లాలు, ఐదవసారి దానిని భర్తకు చెప్పగలుగును. ఇది అడుగుట కాదు, ఊరక వినుము అని ముందుగా ఒక్క మాట చెప్పినచో, అతడును లెక్కలు మాని వినగలడు. అతడును తన అప్పును నిందలేని మాటలతో చెప్పగలడు.

వినుట దాసోహము వంటిది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట యెట్లో, దిగులుగొన్నవానికి చెవి నిచ్చుట యట్లు. దాసోహము చేసినవాడు పెట్టిన అన్నమును లెక్కచెప్పుకొనడు. విన్నవాడు విన్న మాటను మరియొకచోట అమ్ముకొనరాదు. నేడు అమ్ముకొనువారే ఎక్కువ. ఒకరి కన్నీటి మాటను నవ్వులకై పదిమందికి పంపువారు కలరు. ఒంటరి మనిషి కలను విని, సహాయపడెదనని నమ్మించి, ధనము లాగువారు కలరు. 2020 తరువాత ఫోనులోనే అప్పులిచ్చెడి యాప్‌లు కొన్ని, అప్పు తీసికొన్నవాని ఫోనులోని బంధుమిత్రులందరికిని అవమానకరమైన సందేశములు పంపి, ఉభయ తెలుగు రాష్ట్రములలో ఎందరినో ప్రాణసంకటమున పడవేసినవి. అందుచేత చూడని మిత్రుని నమ్ముటకు ఒక గుర్తు కావలెను. అతడు తన దిగులును గూడ చెప్పునా? విన్న మాటను దాచునా? ధనము ప్రసక్తి తెచ్చునా? ఈ మూడును పరికించి గాని హృదయము పూర్తిగా విప్పరాదు.

ఈ భారమంతయు ఒక్కొక్క మిత్రునిపైననే వదలుటయు న్యాయము కాదు. ఊరిలోని పొదుపు సంఘములలో పదిమంది స్త్రీలు కూడినపుడు వాయిదా లెక్కలతో పాటు మనసులోని మాటకును కొంత చోటుండవలెను. మఠములలో శివానుభవ గోష్ఠి జరుగునపుడు ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక అరగంట వినుటకే కేటాయించినచో అనుభవమంటపపు సంప్రదాయము తిరిగి చిగిర్చును. స్వామివారు ఉపదేశము లేక ఊరక వినిన అరగంట, ఎందరికో ఉపదేశముకన్న మిన్నయగును. బ్రతుకుమీదనే విరక్తి కలిగినంతటి దిగులు వచ్చినపుడు మాత్రము మిత్రుని ఓదార్పు చాలదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు శిక్షణ పొందినవారు తెలుగులోనే మాటలాడుదురు. జ్వరమునకు వైద్యుని పిలుచుట సిగ్గు కానట్లే ఇదియు సిగ్గు కాదు. ఈ సంఖ్యను పంచాంగము ప్రక్క గోడమీద వ్రాసియుంచుట ప్రతి గృహమునకును మేలు.

కనుక పెద్దల సామెతను మార్చనక్కరలేదు. దాని హద్దును గుర్తించిన చాలును. ఇతరుల కథ గుట్టు, తన దిగులు రట్టు. తన దిగులును చూచినవారికైనను చూడనివారికైనను చెప్పుకొనవచ్చును. చెప్పుకొని ఇంటికి తిరిగి రావలెను. బ్రహ్మనాయుడు చాపకూడు పరచి ఎల్లకులములవారికి ఒకే పంక్తిని అన్నము పెట్టించిన సీమ ఇది. అన్నము పంచుకొనుటకు సిగ్గుపడని నేలలో దిగులు పంచుకొనుటకు సిగ్గెందుకు? ఈ రాత్రి గడప ప్రక్కన కూర్చున్న ఇల్లాలును, అరుగుమీద కూర్చున్న గృహస్థుడును ఒకసారి ఫోనులు ప్రక్కన బెట్టి, స్నేహితులకు వ్రాసిన ఆ మాటలనే ఒకరికొకరు చెప్పుకొందురు గాక. గడపకును అరుగుకును నడుమ నున్నది నాలుగడుగులే గదా.